ఏడో రూలు

వరంగల్,
జనవరి 24

యాకమ్మా,

బాగున్నావా? నువ్వు కుట్టి పంపిన యూనిఫారాలు మా పిల్లలందరికీ సరిపోయాయి. ఎనిమిదో తరగతి సారలమ్మకు మాత్రం చేతులు పొట్టివయ్యాయి. అది నీ తప్పు కాదులే, కొలతలు ఇచ్చాక ఆ పిల్ల రెండంగుళాలు పెరిగింది.

ఫోన్ చేస్తే "నువ్వే మాట్లాడుతవు, నేను ఊఁ కొడుత. కాయితం మీదైతే నా వంతు నాకుంటది" అంటావు కాబట్టి కలం పట్టుకున్నాను. నేను హెడ్‌మిస్ట్రెస్‌నై నాలుగేళ్ళయింది. నీ దగ్గర మాత్రం నాకు ఇంకా క్లాసు లీడరుకున్నంత విలువ కూడా లేదు.

ఈసారి ఒక పని మీద రాస్తున్నాను. పిల్లలు ఒకరినొకరు ఏడిపించడం, వేధించడం ఆపడానికి ప్రతి బడీ నియమాలు రాసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. చాలా బళ్ళు ఎక్కడిదో దించి, పైన తమ పేరు రాసి, ఫైల్లో పెట్టేశాయి. నాకు మనసొప్పలేదు. నెల రోజులు కూర్చుని పదకొండు రూళ్ళు నేనే రాశాను. ఏప్రిల్‌లో కమిటీ కూర్చుని అవి ఎట్లా పనిచేశాయో చూసి ఖాయం చేస్తుంది. ఒక ప్రతి దీనితో పెడుతున్నాను, చదివి చెప్పు.

ముఖ్యంగా ఏడో రూలు చూడు. ఏడిపించిన పిల్లనూ, ఏడ్చిన పిల్లనూ మూడు రోజుల్లోగా నా గదికి పిలిపించాలి. ఒకరు క్షమాపణ చెప్పాలి. రెండోవారు "నా మనసులో ఏమీ లేదు" అని రిజిస్టర్‌లో రాయాలి. ఇద్దరూ సంతకాలు పెట్టి చేతులు కలపాలి. ఇది నాకు ఎవరు నేర్పారో నీకు చెప్పనక్కర్లేదు. తొమ్మిదో తరగతిలో నీ చెప్పు ఒకటి తీసి నేను దాచేదాన్ని కదా, మీ నాయిన టైరు ముక్కతో కుట్టించిన చెప్పు. నువ్వు ఒంటి చెప్పుతో కుంటుతుంటే గ్యాంగంతా నవ్వేవాళ్ళం. సరోజన టీచర్ మనిద్దరినీ ప్రేయర్లో నిలబెట్టి నా చేత సారీ చెప్పించి, నీ చేత "ఏం లేదు టీచర్" అనిపించి, ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ రాజీ లేకపోతే నాకు ఈ ముప్పై ఏళ్ళ సోపతి ఎక్కడిది?

చెప్పుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మొన్న వర్ధన్నపేట పెళ్ళిలో చెప్పులు కవర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బంతిలో కూర్చున్నావు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. చిన్నప్పుడూ అంతే, బడి గేటు దాటగానే నీ చెప్పులు సంచిలోకి పోయేవి. పదో తరగతిలో నిన్ను చూసి నేనూ రెండు నెలలు ఒట్టి కాళ్ళతో తిరిగి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఆ పిచ్చి నీకు ఎప్పుడు వదులుతుందో.

మొన్న ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లల తగవు ఏడో రూలుతోనే తీర్చాను. సంతకాలు పెట్టి వాళ్ళు బయటికి వెళ్తుంటే నా కడుపు నిండింది.

నీ
శోభారాణి

*

నర్సంపేట,
ఫిబ్రవరి 3

శోభా,

సారలమ్మ అంగీ పంపు. చేతుల లోపల రెండంగుళాల బట్ట మడిచిపెట్టే కుట్టిన. విప్పితే సరిపోతది. పెరిగే పిల్లలకు అట్లనే కుట్టాలె.

నీ రూళ్ళు రెండుసార్లు చదివిన. అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి, ఎప్పటి లెక్కనే. పిల్లలను పేర్లు పెట్టి పిలవొద్దన్నది మంచిగుంది. సెల్‌ఫోన్‌లో ఫొటోలు పెట్టొద్దన్నది మంచిగుంది. ఫిర్యాదుల డబ్బా తాళంచెయ్యి నీ దగ్గరనే ఉంచుకో, క్లాసు లీడర్లకు ఇయ్యకు. మనం లీడర్లను చూసినవాళ్ళమే.

ఏడో రూలు తీసెయ్.

ఇక్కడ పత్తి ఏరుడు అయిపోయింది. మా ఇంటాయనకు మోకాలు నొప్పి, దవాఖానకు పోదామంటే రేపు మాపు అంటున్నడు. మా కుట్టు సంఘం మిషన్లలో రెండు పాడైనయి. వచ్చే ఏడు బట్టలకు ముందే చెప్పు.

యాకమ్మ

*

వరంగల్,
ఫిబ్రవరి 16

యాకమ్మా,

నెల రోజులు నేను తల బద్దలు కొట్టుకున్న రూలును రెండు మాటల్లో తీసెయ్యమన్నావు. ఎందుకో చెప్పవా? పత్తికి ఒక వాక్యం, మోకాలు నొప్పికి ఒకటి, మిషన్లకు ఒకటి, నా రూలుకూ ఒక్కటే. కోపం వచ్చింది, దాచడం ఎందుకు.

సంగతి మొత్తం చెబుతాను, అప్పుడైనా నీ మనసు మారుతుందేమో. కావ్య అని తొమ్మిదో తరగతి పిల్ల. తల్లి చిలుకమ్మ మిర్చి యార్డులో కాయల తొడిమలు, వాళ్ళ మాటలో ముచ్చికలు, తీసే కూలికి పోతుంది. ఆదివారాలు కావ్య కూడా వెళ్తుంది. ఎంత ఉతికినా బట్టల్లో ఆ ఘాటు కొంచెం ఉంటుంది. ఒక సోమవారం ముందు బెంచీలో మానస తుమ్మింది. పక్కపిల్ల తుమ్మింది. ఆ తర్వాత అది ఆటైపోయింది. కావ్య లోపలికి వస్తే తుమ్ము, బోర్డు దగ్గరికి లేస్తే తుమ్ము. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మనం ఆగి కాసేపు కూర్చుంటాం కదా. ఆ పిల్ల లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు తుమ్మడం, ఆమె కూర్చోవడం. లెక్కల మాస్టారు ఆమెకు లెక్కలు రావనుకున్నాడట.

తమాషా ఏమిటంటే మానస వాళ్ళ నాన్నది మిర్చి వ్యాపారమే. ఆ ఇంట్లోనూ అదే ఘాటు ఉండాలి.

నా పదకొండు రూళ్ళలో కొట్టడం ఉంది, తిట్టడం ఉంది, వస్తువులు దాచడం ఉంది. తుమ్మడం లేదు. దానికి ఏమని రాయను? తుమ్మినందుకు శిక్ష వేశానంటే ఊరు నవ్వదూ? అందుకే ఏడో రూలు వాడాను. మానస సారీ చెప్పింది. కావ్య ఒక్క మాట ఎదురు చెప్పకుండా రాసి సంతకం పెట్టింది. మా కరస్పాండెంట్ రాజేశ్వర్ రావుగారు రిజిస్టర్ చూసి "గీ ఏడో రూలు ఒక్కటి చాలు మేడం, మిగిలిన పది దండుగ. సంతకమైతే కేసు ఖతం" అని మెచ్చుకున్నారు.

కావ్య ఎనిమిది రోజులుగా బడికి రావడం లేదు. జ్వరమేమో.

శోభారాణి

*

నర్సంపేట,
ఫిబ్రవరి 25

శోభా,

జ్వరం కాదు.

సంతకం పెట్టినంక తుమ్ములు ఆగినయా? ఆ పిల్లను ఒక్కదాన్నే పక్కకు పిలిచి ఎన్నడన్నా అడిగినవా? నీ గదిలో నీ కుర్చీ ముందు, ఆ మానస పక్కనుండంగ, ఏ పిల్లయినా ఇంకేం రాస్తది?

వాళ్ళింటికి పో. రిజిస్టర్ పట్టుకపోకు, నీ వెనక టీచర్లను తీసుకపోకు. కొత్త చీర కట్టుకోకు.

ఇంకొకటి. నీ రూళ్ళల్లో అందరున్నరు. కొట్టినవాళ్ళు, తిట్టినవాళ్ళు, టీచర్లు, తల్లిదండ్రులు, కమిటీ. చూసుకుంట కూర్చున్నవాళ్ళు లేరు. మానస తుమ్మితే ఒక్క తుమ్మే. ఆట చేసింది మిగిలినవాళ్ళు.

యాకమ్మ

*

వరంగల్,
మార్చి 9

యాకమ్మా,

ఈరోజు వెళ్ళి వచ్చాను. ఇంటి దగ్గర ఎవరూ లేరు, యార్డులో ఉన్నారంటే అక్కడికే పోయాను. ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకుని కూర్చున్నారు. చిలుకమ్మ పక్కనే కావ్య. వేళ్ళు ఆగకుండా ముచ్చికలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది, నేను వద్దని చెప్పి పక్కన కూర్చున్నాను.

నోరు తెరిచేలోపే నాకు తుమ్ము వచ్చింది. ఆ ఘాటుకు ఆపుకోలేకపోయాను యాకమ్మా. ఒకటి, రెండు, మూడు. కళ్ళు తుడుచుకుని చూస్తే ఆ పిల్ల నాకు దూరంగా జరిగి కూర్చుంది. తన ముందున్న కుప్పను కూడా చేతులతో అటు లాక్కుంది. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. అలవాటైన పని చేసినట్టు జరిగింది. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

సంతకం పెట్టిన మూడో రోజే తుమ్ములు మళ్ళీ మొదలయ్యాయట. క్లాసు టీచరుకు చెబితే "రాజీ అయిపోయింది కదా, మళ్ళీ ఏంది?" అన్నదట. చిలుకమ్మ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "మీరే సంతకం పెట్టిచ్చిండ్రట గద మేడం. సంతకం పెట్టినంక ఇగ ఏమని చెప్పుకుంటది? పోనియ్యుండ్రి, నాతోని పనికన్న ఆసరైతది" అన్నది. నేను కావ్యను బతిమాలాను. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి, ఇప్పుడు ఆగితే మళ్ళీ రావడం కష్టం అని చెప్పాను. ఆ పిల్ల తల ఎత్తకుండా "నా మనసుల ఏం లేదని నేనే రాసిన గద మేడం" అన్నది.

బస్సులో వస్తూ నీ రెండు మాటల గురించే ఆలోచించాను. తీసెయ్ అని ఊరికే రాసేదానివి కావు నువ్వు. కారణం చెప్పకుండా ఉండేదానివి కూడా కావు, అది నన్ను నొప్పించేదైతే తప్ప. ఇప్పుడు అడుగుతున్నాను, దాచకుండా చెప్పు. ఆ రోజు ప్రేయర్లో "ఏం లేదు టీచర్" అన్నప్పుడు నీ మనసులో ఏముంది?

శోభ

*

నర్సంపేట,
మార్చి 18

శోభా,

అడిగినవు కాబట్టి రాస్తున్న. చదివినంక ఫోన్ చెయ్యకు.

ఆ రోజు నా మనసులో భయమున్నది. మూడు వందల మంది ముందర నిలబెడితే ఇంకేముంటది? నువ్వు సారీ చెప్పి తల దించుకున్నవు, అందరు నిన్ను చూసి అయ్యో అన్నరు. నేను తల ఎత్తలేదు, పొగరన్నరు. టీచర్ నా గదవ పట్టి ఎత్తి "చెప్పు బిడ్డా, మనసుల ఏం లేదు గద" అన్నది. మంచి టీచరే. పంచాయితీలో పెద్దమనుషులు చేసినట్టే చేసింది. మన దిక్కు తగవు తీర్చుడంటే ఇద్దరిని కలిపి పంపుడే, ఎవరికి దెబ్బ తగిలిందో ఎవరు చూస్తరు?

వారం కాకముందే నా చెప్పు మళ్ళ పోయింది. ఈసారి తీసింది నువ్వు కాదు, నీ గ్యాంగు. కానీ అదెక్కడుందో నీకు తెలుసు. నేను వెతుకుతుంటే నువ్వు కిటికీ దిక్కు చూసి, మళ్ళ పుస్తకంలోకి చూసినవు. టీచరుకు చెబితే "మొన్ననే కలిసిపోయిండ్రు గద, మళ్ళ ఏందే యాకమ్మ, నీకు కొట్లాట లేకపోతే పొద్దుపోదా?" అన్నది. ఇంటికి పోతే నాయిన కొట్టిండు. మళ్ళ పాత టైరు కోసి కొత్త జత కుట్టించేటందుకు ఆయన ఒక దినం కూలి విడిచిపెట్టిండు మరి. తెల్లారి నుంచి గేటు కాడనే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకున్న. ఎండకాలం ఆ గ్రౌండు ఎట్లుంటదో నీకు తెలుసు. అదీ నా పిచ్చి. పెళ్ళిళ్ళల్లో కూడ ఒళ్ళో పెట్టుకునేది అందుకే. విడిచి పోతే బువ్వ గొంతు దిగదు.

నువ్వు మొన్న పెళ్ళిలో నవ్వినప్పుడు చెప్దామనుకున్న. నీ పక్కన మీ బడి టీచర్లున్నరు, ఊకున్న.

మన సోపతి సరోజన టీచర్ కట్టింది కాదు శోభా. ఆమె ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది, అంతే. ఏడాది దాకా ఆ బెంచీ మీద నేను నీతోని ఒక్క మాట మాట్లాడలేదు, నీకు యాదికి లేదు. పదో తరగతిలో దసరా సెలవులైనంక ఒక పొద్దున నువ్వు గేటు కాడ నిలబడి నన్ను చూసినవు. నేను చెప్పులు సంచిలో పెడుతున్న. నువ్వు ఏం అడగలేదు. నీ చెప్పులు కూడ విప్పి నా సంచిలో పడేసినవు. తెల్లారి కూడ అట్లనే చేసినవు. క్లాసు లీడరువు నువ్వే ఒట్టికాళ్ళతోని తిరుగుతుంటే ఇంక నవ్వేదెవరు? అన్నట్టు ఆ తర్వాత నా చెప్పులు ఎవరూ ముట్టలేదు. నేనే అలవాటు మానలేదు.

నువ్వది నన్ను చూసి చేసిన అల్లరనుకుంటున్నవు. నేను ముప్పై ఏండ్ల నుంచి దాని మీదనే నీతోని సోపతి చేస్తున్న. నిన్ను ఎవరూ చెయ్యమనలేదు, ఎక్కడా సంతకం పెట్టలేదు.

యాకమ్మ

*

వరంగల్,
ఏప్రిల్ 4

యాకమ్మా,

ఫోన్ చెయ్యొద్దన్నావు, చెయ్యలేదు. ఉత్తరాలు నాలుగు రాసి చింపేశాను. ఒక్కొక్కటీ చదువుకుంటే నేను మళ్ళీ ప్రేయర్లో తల దించుకుని అందరి జాలి తీసుకుంటున్నట్టే ఉంది.

నాకు తెలుసు. నీ చెప్పు సైకిల్ షెడ్డు పెంకుల మీద ఉంది. నువ్వు వెతుకుతుంటే చెప్పాలనుకున్నాను. చెబితే గ్యాంగు నన్ను వదిలేస్తుందని భయపడ్డాను. ఆ తర్వాత మరిచిపోయాను, ఇన్నేళ్ళూ నిజంగానే మరిచిపోయాను, అది ఇంకా సిగ్గుచేటు. నీ సంచిలో నా చెప్పులు ఎందుకు వేశానో కూడా నాకిప్పుడు గుర్తు లేదు. గుర్తుందని అబద్ధం చెప్పి నీ దగ్గర మంచి పేరు కొట్టేయలేను. నిన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు "ఏం లేదు" అంటావేమోనని నా భయం.

నీ ఉత్తరం అందాక వచ్చిన ఆదివారం మళ్ళీ యార్డుకు పోయాను. ఈసారి రిజిస్టర్ పట్టుకునే పోయాను, నీ మాట కాదన్నందుకు ఏమనుకోకు. ఆ పేజీ కావ్య ముందు తెరిచి పెట్టి, "ఇది నేను నీతో తప్పు రాయించాను. కొట్టేస్తావా?" అన్నాను. చిలుకమ్మ "వద్దు మేడం, లొల్లి ఎందుకు" అంటూనే ఉంది. కావ్య చేతులు తుడుచుకుని పెన్ను తీసుకుంది. కొట్టేయలేదు. "నా మనసులో ఏమీ లేదు" అన్న వాక్యం కింద "ఉంది" అని రాసింది. తేదీ వేసి సంతకం పెట్టింది. కాగితం మీద కారపు వేలిముద్ర పడింది. నాకు ఏడుపు ఆగలేదు, ఆ పిల్ల అది మిర్చి ఘాటే అనుకుని నీళ్ళ సీసా ఇచ్చింది.

ఆ సోమవారం కావ్య బడికి వచ్చింది. ఆ పొద్దున ప్రేయర్‌కు ముందే తొమ్మిదో తరగతి టీచర్లతో మాట్లాడాను. ప్రేయర్లో ఎవరినీ నిలబెట్టలేదు. క్లాసుకు వెళ్ళి చెప్పుల కథ చెప్పాను, నీ పేరు లేకుండా. దాచిన పిల్లను నేనేనని చెప్పాను, కిటికీ వైపు చూసి పుస్తకంలోకి చూసింది కూడా నేనేనని చెప్పాను. మానస గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. ఆమె నాన్నను పిలిపించి విడిగా మాట్లాడాను, ఆయన చాలా సేపు తన షాపు గురించే మాట్లాడి, లేచేటప్పుడు "మా ఇంట్ల గుడ తుమ్ముతనే ఉంటం మేడం" అన్నాడు.

గురువారం కావ్య బోర్డు దగ్గరికి లేచినప్పుడు ఒక తుమ్ము వినిపించింది. నేను వరండాలో ఉన్నాను. నిజం తుమ్మో, దొంగ తుమ్మో తెలియదు. కావ్య ఆగింది. క్లాసంతా ఆగింది. రెండో తుమ్ము రాలేదు. ఆ పిల్ల కాసేపు నిలబడి, బోర్డు దగ్గరికి వెళ్ళి లెక్క చేసింది. తప్పు చేసింది, మాస్టారు దిద్దాడు. నాకు ఆ తప్పు లెక్క ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

ఏడో రూలు తీసేశాను. దాని చోట ఇట్లా రాశాను: దెబ్బ తిన్న పిల్ల చేత క్షమించానని చెప్పించకూడదు, రాయించకూడదు. ఆమెను నెలపాటు వారం వారం విడిగా అడగాలి. చూస్తూ ఊరుకున్నవాళ్ళతో కూడా టీచరు మాట్లాడాలి. రాజేశ్వర్ రావుగారికి నచ్చలేదు. "వారం వారం అడుగుకుంట పోతే కేసు ఎప్పుడు ఖతమైతది మేడం? ఇన్‌స్పెక్షన్ల ఏం చూపిస్తం?" అంటున్నారు. కమిటీలో సగం మంది ఆయన వైపే. ఈ నెల 19న, శనివారం పదింటికి అది తేలుతుంది. నా రూలు నెగ్గకపోతే వచ్చే ఏడు మళ్ళీ పాత ఏడో రూలే, మళ్ళీ ఆ రిజిస్టరే.

కమిటీలో బయటి సభ్యురాలు ఒకరుండాలని పదో రూలు. ఇంతవరకు ఎవరినీ వేయలేదు. నువ్వు వస్తావా? చెప్పుల మాట చెప్పమని కాదు. అది నీది, చెప్పాలో వద్దో నీ ఇష్టం. నా పక్కన కూర్చుంటే చాలు.

శోభ

*

నర్సంపేట,
ఏప్రిల్ 12

శోభా,

వస్తా. ఎనిమిదింటి బస్సుకు బయలుదేరుతా. సారలమ్మ అంగీ కూడ తెస్తున్న, చేతులు విప్పి కుట్టిన.

రాజేశ్వర్ రావు సారుతో నేను మాట్లాడుతా. రాజీ చేసినంక నీ బిడ్డ బడికి వస్తలేదంటే నీకు ఖతమైనట్టా అని అడుగుతా. చెప్పుల సంగతి కూడ నేనే చెప్తా, నా నోటితోని. ఇన్నేండ్లు నేను చెప్పకపోవడంతోనే కదా, అది మంచి పద్ధతని నువ్వు రూలు రాసుకున్నవు. అందులో నా తప్పు కూడ కొంచెముంది.

నువ్వు క్షమించమని అడగలేదు, మంచిగైంది. నా మనసులో ఇంకా కొంచెమున్నది. ఉండనీ. అది ఉండంగనే ముప్పై ఏండ్లు నీతోని సోపతి చేసిన, ఇంక కూడ చేస్తా. కావ్యకు చెప్పు, "ఉంది" అని రాసినందుకు నర్సంపేటలో ఒక ముసల్ది రెండు దినాలు ఆ కాయితం చదువుకున్నదని.

ఇంకొకటి. పందొమ్మిదో తారీఖు నేను కవరు తెస్తలేను. మొన్ననే కొన్న కొత్త చెప్పులు, ఎర్ర పట్టీలవి, తొడుక్కొని వస్తా. అందరి లెక్క మీ ఆఫీసు గడప బయటనే విడిచి లోపలికి వస్తా. లోపల కూర్చున్నంతసేపు నా పానం వాటి మీదనే ఉంటది, నువ్వు నవ్వకు.

మీటింగైనంక నేను బయటికొచ్చేటాలకు రెండూ అక్కడనే ఉండాలె.

యాకమ్మ